కంపెనీ మనిషినంటూ వచ్చి ఆర్డరిస్తే ఆ కంపెనీ కట్టుబడుతుందా? ఎలా చూసుకోవాలి

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తారు. కొన్నేళ్ల కిందట ఒక నిర్మాణ కంపెనీకి మొత్తం 3 లక్షల 80 వేల పని చేసి బిల్లులు పంపితే, హెడ్డాఫీసు నుంచి రెండు ముక్కల్లో జవాబొచ్చింది. "ఆర్డరిచ్చిన ప్రాజెక్టు మేనేజరు మానేశారు. కొనుగోళ్లు చేసే అధికారం ఆయనకు మేం ఇవ్వలేదు." ఆ రోజు నాన్న అన్నం తినలేదు. ఇనుము అరువుకి తెచ్చారు, వెల్డర్ల కూలీ మాత్రం చేతి నుంచి ఇచ్చేశారు.

షెడ్డు లెక్కలు చూసేది నేనే. ఆ డబ్బు కోసం పదకొండు నెలలు వకీలుగారి ఆఫీసు చుట్టూ తిరిగాను. అప్పుడు నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీరు సరుకు సప్లై చేసేవారైనా, పని కాంట్రాక్టుకి తీసుకునేవారైనా, ఏదో కంపెనీ ఎగ్జిక్యూటివ్‌తో బేరం కుదుర్చుకుంటున్నవారైనా ఇది పనికొస్తుంది. లక్షల్లో వ్యవహారమైతే మాత్రం మీ కాగితాలు ఒకసారి వకీలుకి చూపించండి.

అన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న

వకీలుగారు నాన్నని మొదట అడిగింది ఇదే. "ఆ మేనేజరుకి ఆర్డరిచ్చే అధికారం ఉందని మీకు ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడండీ. సైటంతా నా చేతిలోనే ఉంది అన్నాడు."

"అది లెక్కలోకి రాదు. కంపెనీ ఏం చెప్పింది? ఏం చేసింది?"

మొత్తం విషయం ఈ రెండు మాటల్లోనే ఉంది. కంపెనీకి నోరు, చేతులు ఉండవు. అది చేసే ప్రతి ఒప్పందం ఎవరో ఒక మనిషి ద్వారానే జరగాలి. కానీ 'నాకు అధికారం ఉంది' అని ఆ మనిషి చెప్పుకున్నంత మాత్రాన అధికారం రాదు. కంపెనీ ఇచ్చి ఉండాలి, లేదా ఇచ్చిందని మీరు నమ్మేలా కంపెనీ ప్రవర్తించి ఉండాలి, లేదా పని జరిగాక కంపెనీ దాన్ని ఒప్పుకుని ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి రుజువైనా కంపెనీ కట్టుబడుతుంది.

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 187వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చదివినప్పుడు నాకు మా షెడ్డే కళ్లముందు కనిపించింది. ఒకాయన కలకత్తాలో ఉంటాడు, శ్రీరాంపూర్‌లో ఆయనకో కొట్టు ఉంది. అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తాడు. కొట్టు నడిపే మనిషి యజమాని పేరు మీద ఒక వ్యాపారి దగ్గర సరుకు తెప్పిస్తుంటాడు, యజమానికి తెలిసే ఆయన డబ్బుతో బిల్లు కడుతుంటాడు. అలాంటప్పుడు కాగితం మీద ఏమీ రాసివ్వకపోయినా ఆ మనిషికి ఆర్డరిచ్చే అధికారం ఉన్నట్టే. నాన్న విషయంలోనూ అదే మేనేజరు ఫోన్ చేస్తే అంతకుముందు రెండుసార్లు గేట్లు పంపాం. రెండుసార్లూ డబ్బు కంపెనీ బ్యాంకు ఖాతా నుంచే వచ్చింది. వకీలుగారు పాస్‌బుక్‌లో ఆ రెండు ఎంట్రీల కింద పెన్సిల్‌తో గీత గీసి, "ఇదీ కంపెనీ చెప్పిన మాట" అన్నారు.

ఆ గీత చూసి నాన్న మొహంలోకి కాస్త రంగొచ్చింది.

మొదటి పని: ఎదుట ఉన్నది ఏ కంపెనీయో తేల్చుకోండి

బోర్డు మీద ఉండే పేరు వేరు, చట్టం దృష్టిలో కంపెనీ పేరు వేరు. విజిటింగ్ కార్డు చూసి ఆగిపోకండి. జీఎస్టీ నంబరు అడిగి జీఎస్టీ పోర్టల్లో వెతికితే అసలు పేరు, వ్యాపారం పేరు రెండూ కనిపిస్తాయి. నంబరు 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, 36తో మొదలైతే తెలంగాణ. తర్వాత కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైటులో, అంటే అందరూ ఎంసీఏ అనే దాంట్లో, ఆ పేరు కొట్టండి. రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడ, డైరెక్టర్లు ఎవరు, కంపెనీ నడుస్తోందా లేక రిజిస్టర్ నుంచి కొట్టేశారా అన్నది తెలుస్తుంది.

కంపెనీ లెటర్ హెడ్ మీద, బిల్లుల మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ అనే 21 అక్షరాల నంబరు తప్పకుండా ఉండాలని 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. ఇవేవీ లేని లెటర్ హెడ్ మీద ఆర్డరు వస్తే అక్కడే ఆగి అడగండి.

కంపెనీ ఇంకా పుట్టనే లేదనుకోండి. 'రిజిస్ట్రేషన్ నడుస్తోందండీ, పని మొదలుపెట్టండి' అనేవాళ్లు చాలామంది ఉంటారు. పుట్టని కంపెనీకి ఏజెంటు ఉండడు. ఆ ఒప్పందం కంపెనీ పని కోసమే అయ్యుండి, రిజిస్టరయ్యాక కంపెనీ దాన్ని అంగీకరించి మీకు తెలియజేస్తేనే కంపెనీ నుంచి రాబట్టగలరు. అందుకని అప్పటివరకు ప్రమోటరు, అంటే కంపెనీ పెడుతున్న మనిషి, సొంత పేరు మీదే సంతకం తీసుకోండి.

రెండో పని: ఆ మనిషి కుర్చీకి ఎంత బరువుందో చూడండి

ఒక పదవిలో మనిషిని కూర్చోబెడితే, ఆ పదవిలో ఉన్నవారు మామూలుగా చేసే పనులన్నీ చేసే అధికారం ఆయనకు ఉందని కంపెనీ లోకానికి చెప్పినట్టే. మేనేజింగ్ డైరెక్టరు రోజువారీ వ్యాపార ఒప్పందాలు చేయగలడు. పర్చేజ్ మేనేజరు సరుకు కొనగలడు. స్టోర్స్ ఇన్‌చార్జి సరుకు దించుకుని సంతకం పెట్టగలడు గానీ ధర ఒప్పుకోలేడు. సైటు ఇంజనీరు కొలతలు రాయగలడు. అదనపు పనికి ఆయన 'సరే' అంటే చాలదు.

ఈ విషయంలో కోర్టుల దగ్గర రెండు వైపులా ఉదాహరణలున్నాయి. ఇంగ్లండులో 1971 నాటి కేసులో ఒక కంపెనీ సెక్రటరీ కంపెనీ పేరు మీద అద్దెకార్లు తీసుకుని సొంతానికి తిప్పుకున్నాడు. అద్దె కంపెనీయే కట్టాలన్నారు, ఎందుకంటే ఆఫీసు అవసరాలకు కార్లు మాట్లాడటం సెక్రటరీ మామూలుగా చేసే పనే. మన దేశంలో 1942లో అవధ్ కోర్టుకు వచ్చిన కేసులో కంపెనీ అకౌంటెంటు కంపెనీ ఆస్తిని రాసిచ్చేశాడు. అది చెల్లదన్నారు. అకౌంటెంటు ఆస్తి రాసిస్తుంటే అనుమానం రావాలి, ఆయన దగ్గర పవరాఫ్ అటార్నీ ఉందా అని అడగాలి కదా అన్నది అక్కడి తర్కం. అంటే అడిగిన పని ఆ కుర్చీకి మామూలుదైతే మీకు ధీమా ఉంటుంది. మామూలుది కాకపోతే అడగాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది.

లోపల పెట్టుకున్న రహస్య ఆంక్షల గురించి మాత్రం భయపడక్కర్లేదు. 'లక్షకు మించి ఆర్డరివ్వొద్దని మేం ఆయనకు చెప్పాం' అని కంపెనీ తర్వాత అంటే, ఆ మాట మీకు అప్పట్లో తెలియకపోతే మీ మీద పనిచేయదు. కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ కూడా ఇదే: ఇంతకు తక్కువ అమ్మొద్దని యజమాని ఏజెంటుకి చెప్పాడు, ఆ సంగతి తెలియని కొనుగోలుదారు తక్కువకే కొన్నాడు, యజమాని కట్టుబడాల్సిందే. మీకు తెలిస్తే మాత్రం లెక్క మారిపోతుంది. పర్చేజ్ ఆర్డరు వెనక చిన్న అక్షరాల్లో 'డైరెక్టరు సంతకం లేనిదే చెల్లదు' అని ఉంటే మీకు తెలిసినట్టే లెక్క. వెనక పేజీ చదవండి. నాన్న ఎప్పుడూ చదివేవారు కాదు.

మూడో పని: కంపెనీ నోటి నుంచే మాట రప్పించండి

ఇది చేస్తే మిగతా సగం టెన్షన్ ఉండదు. ఫోన్లో ఆర్డరు రాగానే కంపెనీ ఆఫీసు ఈమెయిల్‌కి నాలుగు లైన్లు రాయండి. ఆర్డరిచ్చిన మనిషికి మాత్రమే కాదు, అకౌంట్సు విభాగానికో, డైరెక్టరుకో కూడా వెళ్లాలి. మేం ఇప్పుడు ఇలా రాస్తున్నాం:

"మీ సైటు ప్రాజెక్టు మేనేజరు గారు ఈరోజు ఫోన్లో చెప్పిన ప్రకారం 12 గేట్లు, ఇంత ధరకు, ఫలానా తేదీకి సిద్ధం చేస్తున్నాము. ఇది మీ కంపెనీ ఆర్డరుగా పరిగణించి పని మొదలుపెడుతున్నాము. ఏదైనా అభ్యంతరం ఉంటే రెండు రోజుల్లో తెలియజేయగలరు."

పర్చేజ్ ఆర్డరు వస్తే మరీ మంచిది. రాకపోయినా ఈ మెయిల్‌కి అభ్యంతరం చెప్పకుండా సరుకు దించుకుంటే, మేం నమ్మడానికి కంపెనీయే కారణమని చెప్పుకోవచ్చు. ఈమెయిళ్ల మీద కుదిరిన ఒప్పందం చెల్లుతుందని 2000 నాటి ఐటీ చట్టమే చెబుతోంది, ముద్ర లేదని భయపడకండి. కంపెనీ ముద్ర తప్పనిసరి అన్న నిబంధన కూడా 2015లోనే తీసేశారు. వాట్సాప్ మెసేజీలైతే ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకోకండి.

పెద్ద ఒప్పందమైతే, అంటే అప్పు ఇవ్వడం, స్థలం కొనడం, ఏళ్ల తరబడి సాగే సప్లై లాంటివైతే, ఇంకో మెట్టు పైకి వెళ్లాలి. 2013 కంపెనీల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కంపెనీ తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టేది కీలక పదవిలో ఉన్న అధికారి గానీ, డైరెక్టర్ల బోర్డు అధికారమిచ్చిన ఉద్యోగి గానీ అయ్యుండాలి. కాబట్టి బోర్డు తీర్మానం నకలు, సర్టిఫై చేసిన సంతకంతో సహా అడగండి. ఎంసీఏలో 100 రూపాయల ఫీజు కట్టి కంపెనీ ఆర్టికల్స్, అంటే కంపెనీ తన నడకకు రాసుకున్న నిబంధనల పత్రం, తెరిచి చూడండి. కంపెనీ తరఫున ఎవరెవరు సంతకం పెట్టాలో కొన్ని కంపెనీలు అందులోనే రాసుకుంటాయి.

ఆర్టికల్స్ చూడకపోతే ఏమవుతుందో మన తెలుగు పేర్లతోనే ఒక కేసుంది. 1934లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చిన కోట్ల వెంకటస్వామి కేసు. తనఖా దస్తావేజు మీద మేనేజింగ్ డైరెక్టరు, సెక్రటరీ, వర్కింగ్ డైరెక్టరు ముగ్గురూ సంతకం పెట్టాలని కంపెనీ ఆర్టికల్స్‌లో ఉంది. దస్తావేజు మీద సెక్రటరీ, వర్కింగ్ డైరెక్టరు సంతకాలే ఉన్నాయి. అప్పిచ్చినవారు మంచి నమ్మకంతోనే ఇచ్చినా తనఖా చెల్లలేదు. ఆర్టికల్స్ ఎవరైనా చూడగలిగే పత్రం, చూసి ఉంటే మూడో సంతకం కావాలని తెలిసేది అన్నది కోర్టు మాట. ఒక్క సంతకం! అది చదివినప్పుడు ఆ అప్పిచ్చిన మనిషి ఇంట్లో ఆ రాత్రి ఎలా గడిచిందో అని చాలాసేపు ఆలోచించాను.

అయితే బయటికి కనిపించే పత్రం దాటి కంపెనీ ఇంటిలోపలి సంగతులు తవ్వాల్సిన పని మీకు లేదు. 1856లో ఇంగ్లండులో ఒక బ్యాంకు ఇచ్చిన అప్పు విషయంలో ఈ సూత్రం స్థిరపడింది. తీర్మానం చేసి అప్పు తీసుకోవచ్చని కంపెనీ నిబంధనల్లో ఉంది, తీరా చూస్తే తీర్మానమే జరగలేదు. అయినా కంపెనీ కట్టాల్సొచ్చింది. లోపల మీటింగు సవ్యంగా జరిగిందా, కోరం ఉందా అన్నది వాళ్ల ఇంటి వ్యవహారం, బయటివాడు అంతా సక్రమంగా జరిగిందనే అనుకోవచ్చు. అలహాబాద్ హైకోర్టు కూడా 1957లో ఒక మిల్లు కేసులో ఇదే దారిలో నడిచింది. కానీ మీకు నిజం ముందే తెలిసినా, అనుమానించాల్సిన పరిస్థితి ఉన్నా, సంతకం ఫోర్జరీ అయినా ఈ రక్షణ దొరకదు.

నాలుగో పని: సరుకు, డబ్బు కదిలే చోట సాక్ష్యం మిగలాలి

చలానా మీద గేటు దగ్గర సెక్యూరిటీ వేసే రబ్బరు స్టాంపు ఉంటుంది చూడండి, గుండ్రంగా, మధ్యలో 'ఇన్‌వార్డ్' అని, పక్కన చేత్తో రాసిన వరస నంబరు. మా కేసులో ఆ నంబర్లే నిలబడ్డాయి. చలానాలు ఏడు, ఏడింటి మీదా స్టాంపు. ఒకదాని మీద సిరా అలుక్కుపోయి నంబరు కనిపించకపోతే, ఆ రోజు లారీ డ్రైవరు తీసిన ఫొటోలో కనిపించింది. అప్పటినుంచి లారీ దిగిన ప్రతిసారీ చలానాకి ఫొటో తీయమని నాన్నే చెబుతున్నారు.

ఎక్కడ దించుతున్నారన్నది కూడా చూడాలి. అదే మేనేజరు 46 వేల రూపాయల గ్రిల్స్ వేరే చిరునామాకి పంపమన్నాడు. "అదీ కంపెనీ గెస్ట్ హౌసేనండీ" అన్నాడట. తర్వాత తెలిసింది, అది ఆయన సొంతిల్లు. అక్కడ గేటూ లేదు, స్టాంపూ లేదు. దానికి కంపెనీని అడిగే ఆధారం మాకు దొరకలేదు. చిరునామా వేరు కాబట్టి నాన్న దానికి వేరే బిల్లు రాశారు, అదొక్కటే మాకు కలిసొచ్చింది. అధికారం ఉన్న పనీ లేని పనీ విడదీయలేకుండా కలిసిపోతే కంపెనీ మొత్తం కాదనొచ్చని కాంట్రాక్టు చట్టం 228వ సెక్షన్ చెబుతుంది. 500 గొర్రెలు కొనమంటే ఏజెంటు 500 గొర్రెలు, 200 పిల్లలు కలిపి ఒకే ధరకు 6,000 రూపాయలకు కొన్నాడు, యజమాని మొత్తం బేరాన్నే వద్దనొచ్చు అన్నది దానికి చట్టంలో ఇచ్చిన ఉదాహరణ. అందుకే అదనపు పని ఏదొచ్చినా వేరే ఆర్డరు, వేరే బిల్లు.

మీరు డబ్బు ఇచ్చే వైపు ఉంటే కంపెనీ ఖాతాకే పంపండి, లేదా కౌంటరులో ఇచ్చి రసీదు తీసుకోండి. 1978లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన స్టేట్ బ్యాంకు కేసులో ఒకావిడ తన ఖాతాలో వేయమని చెక్కులు, డబ్బు బ్యాంకు ఉద్యోగికి ఇచ్చింది. ఆయన పొరుగువాడు, భర్తకు స్నేహితుడు. డబ్బు కాజేశాడు, పాస్‌బుక్‌లో దొంగ ఎంట్రీలు కూడా వేశాడు. బ్యాంకు బాధ్యత లేదన్నారు, ఎందుకంటే ఆవిడ డబ్బు ఇచ్చింది బ్యాంకు ఉద్యోగిగా కాదు, తెలిసినవాడిగా. ఇన్సూరెన్సు ప్రీమియమైనా, ఫ్లాటు అడ్వాన్సైనా, 'మనవాడే కదా' అని ఇంట్లో చేతికిచ్చిన డబ్బుకు ఇదే గతి పట్టొచ్చు.

ఐదో పని: కంపెనీ కాదంటే, ముందే ఒప్పుకున్న జాడ వెతకండి

అధికారం లేకుండా చేసిన పనినైనా తర్వాత కంపెనీ ఒప్పుకుంటే మొదటినుంచీ అధికారం ఉన్నట్టే. నోటితో ఒప్పుకోనక్కర్లేదు, చేతలు చాలు. సరుకు వెనక్కి పంపకుండా వాడుకున్నారా, మీ గేట్లు బిగించిన ఫ్లాట్లు అమ్మేసుకున్నారా, కొంత డబ్బు కట్టారా, మీ బిల్లు మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకున్నారా అని చూడండి.

మాకు అసలు ఆధారం ఎవరూ అనుకోని చోట దొరికింది. నాన్న ఆదాయపన్ను ఫారం 26ఏఎస్ తెరిచి చూస్తే, ఆ కంపెనీ పేరు మీద టీడీఎస్ ఎంట్రీ, అంటే మన బిల్లులోంచి కోసి మన పేరున కట్టిన ఆదాయపన్ను, ఒకటుంది. గ్రిల్స్ 46 వేలు పోగా మిగిలిన మా 3 లక్షల 34 వేల బిల్లుకు, జీఎస్టీ తీసేస్తే, సరిగ్గా సరిపోయే అంకె. అంటే వాళ్ల పుస్తకాల్లో మా బిల్లు ఎక్కించారు, దాని మీద పన్ను కూడా కట్టారు, మాకు మాత్రం 'ఆర్డరే లేదు' అని రాశారు. టీడీఎస్ ఒక్కదానితోనే కేసు గెలవలేమని వకీలుగారు ముందే చెప్పారు. కానీ పాత చెల్లింపులు, గేటు స్టాంపులు, ఇది కలిసేసరికి వాళ్ల మాట నిలబడలేదు.

ఇవన్నీ జతచేసి నోటీసు పంపండి. సైటు ఆఫీసుకి కాదు, ఎంసీఏలో కనిపించే రిజిస్టర్డ్ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో కూడా. ఆర్డరు ఎవరు ఎప్పుడిచ్చారు, అంతకుముందు అదే మనిషి ఇచ్చిన ఏ ఆర్డర్లకు మీరు డబ్బు కట్టారు, సరుకు ఏ తేదీల్లో దిగింది, దాన్ని మీరెలా వాడుకున్నారు అన్నవి వరసగా రాయించండి. 'మీ మేనేజరు మోసం చేశాడు' లాంటి మాటలు అందులో వద్దు. మన వాదన ఆయనకు అధికారం ఉందనే కదా.

సప్లై చేసేటప్పటికే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉండి, మీది సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అండగా ఉంటుంది. రాసుకున్న గడువు ఎంతైనా 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇలాంటి బాకీ తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా నోటీసులో ఈ వడ్డీ లెక్క ఒక పేజీ జతచేశాం. హెడ్డాఫీసు అకౌంట్సు నుంచి మొదటి ఫోన్ ఆ తర్వాతే వచ్చింది. కోర్టుకే వెళ్లాల్సొస్తే, అరువు గడువు ఏదీ రాసుకోని సరుకు బాకీకి సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే. మధ్యలో కంపెనీ సంతకంతో బాకీ ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది.

మనిషి మానేశాడని తెలిసిన రోజు

మేనేజరు మానేశాక కూడా, ఆ సంగతి మీకు తెలియనంతవరకు ఆయనిచ్చిన ఆర్డరుకు కంపెనీ తప్పించుకోలేదు. కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం అధికారం పోయిన సంగతి బయటివారికి తెలిసినప్పుడే వారి విషయంలో అది పోయినట్టు. కానీ తెలిసిన క్షణం నుంచి రక్షణ ఆగిపోతుంది. అందుకని టీ కొట్టు దగ్గర విన్నా సరే, ఆ రోజే కంపెనీకి మెయిల్ పెట్టి, చేతిలో ఉన్న పని కొనసాగించాలా అని అడగండి. జవాబొచ్చేదాకా కొత్త ఇనుము కోయకండి. ఇది చదువుతున్నవారు కంపెనీ నడిపేవారైతే, మీ మనిషి మానేసిన రోజే సప్లయర్లందరికీ రాసి చెప్పండి, మా లాంటి చిన్నవాళ్లు నలిగిపోకుండా ఉంటారు.

చివరికి కంపెనీ కట్టుబడదని తేలితే ఆర్డరిచ్చిన మనిషి మీద పడొచ్చు. లేని అధికారం ఉందని నమ్మించి మీకు నష్టం తెచ్చినవాడు ఆ నష్టం భర్తీ చేయాలని అదే చట్టం 235వ సెక్షన్. గ్రిల్స్ తాలూకు 46 వేలకు ఆ మేనేజరు ఇంటికే నోటీసు పంపాం, పోస్టువాడు అందించింది మేం బిగించిన గ్రిల్ తలుపు లోంచే. రెండు విడతల్లో 30 వేలు ఇచ్చాడు. మిగతా 16 వేలకు ఆయన రాసిచ్చిన కాగితం నాన్న బీరువాలో ఉంది, దాని మీద తేదీ చూసుకుంటూ ఉన్నాం.